బంగారు పురుగు తల: రివర్స్ లెన్సుతో 60 ఫోటోలు కలిపినా షార్ప్‌గా రావట్లేదు, ఎక్కడ పొరపాటు?

పెరటి_పురుగులు (తణుకు)
నవంబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను బడి పంతుల్ని. గత నెల కాలవగట్టు మీద తుమ్మచెట్టు కింద ఒక బంగారు పురుగు చచ్చిపడి ఉంటే తెచ్చుకున్నాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేవాళ్ళం. గుడ్డు పెట్టిందేమోనని పొద్దున్న లేవగానే పెట్టె తెరిచి చూసుకునేవాళ్ళం. అదే పురుగు. దాని తల ఒక్కటీ ఫ్రేమ్ నిండా రావాలని నా కోరిక.

నా సరంజామా ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 జీ రకం లెన్సు, దాన్ని తిరగేసి బిగించే 52 మి.మీ. రివర్స్ రింగు. 18 దగ్గర పెట్టి స్కేలును ఫోటో తీస్తే అడ్డంగా 6.7 మి.మీ. పడుతోంది. సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. కాబట్టి సుమారు మూడున్నర రెట్లు అన్నమాట. పురుగును కొంచెం కొంచెంగా జరపడానికి వంటింటి డ్రాయర్ చానెల్, ఎం6 మరల రాడ్డు, ఒక చిన్న స్టెప్పర్ మోటారు, దాన్ని నడిపే ఆర్డుయినో బోర్డు వాడాను. మోటారు చుట్టుకి 2048 స్టెప్పులు వేస్తుంది. ఎం6 రాడ్డు చుట్టుకి ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అంటే స్టెప్పుకి అర మైక్రాను (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లెక్క ప్రకారం ఇది అవసరానికి మించిన కచ్చితత్వమే.

ఫలితం మాత్రం బాలేదు. వ్యూఫైండర్‌లో దాదాపు చీకటి, టార్చి వేస్తే గానీ ఫోకస్ కనిపించదు. 60 ఫోటోలు తీసి స్టాక్ చేశాక (ఒక్కో ఫోటోలో ఫోకస్ కుదిరిన భాగాలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫోటోగా కలిపాక) కూడా ఎక్కడా షార్ప్‌నెస్ లేదు, తల మొత్తం పొగమంచులోంచి చూసినట్టుంది. మీసాలు మెట్లు మెట్లుగా విరిగినట్టు వస్తున్నాయి. ఫ్లాష్ పడినచోట తెల్లటి మచ్చలు, ఆ పచ్చటి మెరుపే లేదు. ఆర్నెల్లుగా రాత్రుళ్ళు ఈ సెటప్పు మీదే కూర్చుంటున్నాను. లెన్సు మార్చాలా? అసలు ఈ పద్ధతికి ఇంతేనా?

కొత్త_కన్ను (కాకినాడ)
నవంబరు 14, రాత్రి 9:52

సార్, నాకైతే ఇది కూడా చాలా బాగుంది. బంగారు పురుగు తల మీద గుంటలుంటాయని ఇప్పటిదాకా తెలియదు. నేను డిగ్రీ రెండో సంవత్సరం. నా దగ్గర ఫోను తప్ప కెమెరా లేదు. ఫోనుతో మొదలుపెట్టొచ్చా? ఇంకో సందేహం, పురుగు కదలకుండా ఉండాలంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమని ఒక వీడియోలో చెప్పారు. అలా చేయొచ్చా?

రివర్స్_రింగ్ (సైనిక్‌పురి, హైదరాబాద్)
నవంబరు 14, రాత్రి 10:15

పంతులుగారూ, లెన్సు మార్చకండి, ఏమీ కొనకండి. ముందు ఒక్క పని చేయండి. తిరగేసిన లెన్సులో ఇప్పుడు పురుగు వైపున్న గాజులోకి టార్చి వేసి చూడండి. మధ్యలో వెలుతురు వెళ్ళే కంత ఎంతుంది? చిటికెన వేలి గోరంతా, గుండుసూది తలంతా?

పెరటి_పురుగులు
నవంబరు 14, రాత్రి 10:31

గుండుసూది తలంత! లోపలి రేకులు పూర్తిగా దగ్గరికి వచ్చేసి ఉన్నాయి.

రివర్స్_రింగ్
నవంబరు 14, రాత్రి 11:05

అనుకున్నాను. మొదట్లో నేనూ ఇక్కడే ఆగిపోయాను, అందుకే వివరంగా రాస్తున్నా.

జీ రకం లెన్సుకి అపర్చర్‌ని, అంటే వెలుతురు వెళ్ళే ఆ కంతను, చేత్తో మార్చే రింగు ఉండదు. లెన్సు వెనక అంచున చిన్న మీట ఉంటుంది చూడండి, కెమెరా లోపలి పుల్ల ఆ మీటను పట్టుకుంటేనే రేకులు తెరుచుకుంటాయి. కెమెరా నుంచి విప్పగానే స్ప్రింగు వాటిని మూసేస్తుంది. మీరు లెన్సును తిరగేశారు కాబట్టి మీటను పట్టుకునేవాళ్ళు లేరు. ఆర్నెల్లుగా మీరు తీసినవన్నీ ఎఫ్22 దగ్గర తీసినవే (ఎఫ్ పక్కన అంకె ఎంత పెద్దదైతే కంత అంత చిన్నది).

మామూలు ఫోటోకి ఎఫ్22 అంటే ఎఫ్22. ఇంత దగ్గరికి వచ్చాక అలా కాదు. రెట్లకి ఒకటి కలిపి దాంతో గుణించాలి. మూడున్నరకి ఒకటి కలిపితే నాలుగున్నర, నాలుగున్నర ఇంటూ 22 అంటే దాదాపు ఎఫ్100. ఒక్కో లెన్సుకి కొంచెం తేడా ఉంటుంది కానీ మన అవసరానికి ఈ లెక్క చాలు. ఎఫ్100 దగ్గర వెలుతురు ఆ చిన్న కంత అంచులకి తగిలి చెదిరిపోతుంది. ఒక చుక్క సెన్సర్ మీద సుమారు 130 మైక్రాన్ల మచ్చగా పడుతుంది. మీ సెన్సర్ మీద ఒక పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లు అనుకుందాం. ఒక్క చుక్క 30 పిక్సెళ్ళకి పైగా పరుచుకుంటోంది. అలాంటి ఫోటోలు 60 కలిపినా 600 కలిపినా ఆ పొగమంచు పోదు. ఒక్క ఫోటోలో లేని షార్ప్‌నెస్‌ని స్టాకింగ్ తెచ్చిపెట్టలేదు.

చేయాల్సింది ఇదీ. విజిటింగ్ కార్డు ముక్కను నాలుగు మడతలు పెట్టి ఆ మీట పక్కన దూర్చండి. కంత సగానికి పైగా తెరుచుకునేదాకా జరిపి అక్కడ ఆపండి. అది ఎఫ్4కీ ఎఫ్5.6కీ మధ్య ఉంటుంది. ఎఫ్5.6 అయినా లెక్కలో ఎఫ్25 అవుతుంది, మచ్చ 34 మైక్రాన్లకి దిగుతుంది. ఈ చిన్న మార్పుకే మీకు వేరే ప్రపంచం కనిపిస్తుంది. కెనాన్ వాళ్ళకి ఈ బాధ తక్కువ. కావలసిన అపర్చర్ పెట్టుకుని, డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని, కెమెరా ఆన్‌లో ఉండగానే లెన్సు విప్పితే రేకులు అక్కడే నిలబడతాయి.

ఒక జాగ్రత్త. తిరగేసినప్పుడు లెన్సు వెనక గాజు బయటికి వచ్చేస్తుంది. దానికి దుమ్మూ, గీతలూ తగలకూడదు. లెన్సు వెనక మూత ఒకటి తీసుకుని, మధ్యలో గుండ్రంగా కోసి బిగించండి. గాజుకి రక్షణ ఉంటుంది, అడ్డదిడ్డపు వెలుతురూ ఆగుతుంది.

పెరటి_పురుగులు
నవంబరు 15, ఉదయం 6:10

రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. కార్డు ముక్క పెట్టగానే వ్యూఫైండర్ తెల్లారినట్టు వెలిగింది. స్టాక్ కూడా కాదు, ఒక్క ఫోటో తీశాను. కంటి అంచున ఒక సన్నటి వెంట్రుక, దాని నీడతో సహా కనిపించింది. మా ఆవిడను నిద్ర లేపి చూపించాను. రింగ్ గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. చాలా థాంక్స్.

మీసాలు మాత్రం ఇంకా మెట్లుమెట్లుగానే వస్తున్నాయి.

లేత్_మిషన్ (ఆటోనగర్, విజయవాడ)
నవంబరు 15, మధ్యాహ్నం 1:40

అది నా డిపార్ట్‌మెంటు.

డ్రాయర్ చానెల్ అనేది గిన్నెలు పెట్టుకోవడానికి చేసింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకి ఊపండి, మిల్లీమీటరులో సగం ఆడుతుంది. మీ ఫ్రేమ్ మొత్తం 6.7 మిల్లీమీటర్లే కదా సార్. ఎం6 నట్టు కూడా మర మీద వదులుగా కూర్చుంటుంది. మోటారు తిరిగే దిశ మారిందంటే ఆ వదులు తీరేదాకా నట్టు కదలనే కదలదు. మేము దీన్ని ప్లే అంటాం. కంప్యూటర్ ఒక మైక్రాను జరిపాననుకుంటుంది, పురుగు అక్కడే ఉంటుంది. మళ్ళీ ఒక్కసారిగా దూకుతుంది.

మోటారు మార్చక్కర్లేదు. రాడ్డుకీ మోటారు షాఫ్టుకీ మధ్య గట్టి కప్లింగ్ ఉంటే తీసేసి బండి పెట్రోల్ పైపు ముక్క పెట్టి రెండువైపులా క్లిప్పులు బిగించండి. రాడ్డు కొద్దిగా వంకర ఉన్నా పైపు సర్దుకుంటుంది, ఆ వంకర పురుగు దాకా వెళ్ళదు. పురుగును మోస్తూ జరిగే పలకను ఒకవైపుకే లాగి ఉంచేలా ఒక స్ప్రింగు కట్టండి, అప్పుడు నట్టు ఎప్పుడూ మరకి ఒకే పక్క ఆనుకుని ఉంటుంది. స్టాక్ మొదలుపెట్టే ముందు ఒక మిల్లీమీటరు ఎక్కువ వెనక్కి వెళ్ళి, తిరిగి ముందుకు వచ్చి, అక్కడి నుంచి తీయండి. మధ్యలో ఎప్పుడూ వెనక్కి జరపొద్దు.

డ్రాయర్ చానెల్‌ని మాత్రం మార్చాల్సిందే. త్రీడీ ప్రింటర్లలో వాడే చిన్న లీనియర్ రైలు దొరికితే సరి. లేదంటే కాలేజీ ల్యాబుల్లో పక్కన పడేసిన పాత మైక్రోస్కోపు ఉంటుంది. దాని ఫోకస్ బ్లాకు ఇంత పనికి బంగారం. మేము లేత్ మీద తీస్తే కూడా అంత నున్నగా రావడం కష్టం.

ఫోటోలు తీసే బల్ల దేని మీద ఉంది సార్?

పెరటి_పురుగులు
నవంబరు 15, సాయంత్రం 5:05

డైనింగ్ టేబులే. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

లేత్_మిషన్
నవంబరు 15, సాయంత్రం 5:30

ఫ్యాను ఆపండి. గాలికి మీసం ఊగితే ఏ రైలూ కాపాడదు. ఒక కడప బండ ముక్క తెచ్చి, కింద స్కూటర్ ట్యూబును కొంచెం గాలితో పరిచి, బండను దాని మీద పెట్టి, మొత్తం సెటప్పు బండ మీదే బిగించండి. కెమెరా ఒకచోట, పురుగు ఒకచోట ఉండకూడదు, రెండూ ఒకే బండ మీద ఉండాలి. మా షాపు పక్కన లారీ వెళ్ళినా డయల్ గేజి ముల్లు ఊగుతుంది. ఈ ట్యూబు పద్ధతితోనే దాన్ని ఆపుకున్నాం.

రివర్స్_రింగ్
నవంబరు 15, రాత్రి 8:12

లేత్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి కలుపుతా. వెలుతురంతా ఫ్లాష్‌దే అయితే, తక్కువ పవర్‌లో అది వెలిగేది సెకనులో కొన్ని వేల వంతే. ఆ ఒక్క ఫోటో వరకు వణుకు తెలియదు. కానీ రైలు జరిగాక పురుగు ఊగుతూ ఉంటుంది, ఒక్కో ఫోటోలో ఒక్కోచోట పడుతుంది. జరిపిన తర్వాత మూడు సెకన్లు ఆగి తీయండి.

ఒక్కో జరుపు ఎంతుండాలని చాలామంది అడుగుతారు. మీ మూడున్నర రెట్లకి, ఎఫ్4 దగ్గర, ఫోకస్ లోతు సుమారు 58 మైక్రాన్లు. కొంత ఒకదాని మీద ఒకటి పడాలి కాబట్టి 40 మైక్రాన్లు చాలు, అంటే మీ మోటారుకి 82 స్టెప్పులు. తల లోతు 2 మి.మీ. అనుకుంటే 50 ఫోటోలతో సరిపోతుంది. స్టెప్పు అర మైక్రాను కదా అని అర మైక్రానుకొక ఫోటో తీయనక్కర్లేదు. ముందు ముందు 10 రెట్ల మైక్రోస్కోపు లెన్సుకి వెళ్తే మాత్రం లోతు 9 మైక్రాన్లకి పడిపోతుంది. అప్పుడు 6, 7 మైక్రాన్లకొకటి తీయాలి, అదే తలకి 300 ఫోటోలు.

సాలీడు_కళ్ళు (హనుమకొండ)
నవంబరు 16, ఉదయం 7:25

పంతులుగారూ, నేను జువాలజీ చెబుతాను. మీ పురుగు చూసి చాలా సంతోషమేసింది. ఆ ఫ్లాష్ మచ్చల సంగతి చెబుతాను.

బంగారు పురుగుకి ఆ పచ్చదనం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. దాని పెంకులో పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు వెనక్కి వచ్చేటప్పుడు కొన్ని రంగులు బలపడి, కొన్ని చచ్చిపోయి, ఆ మెరుపు పుడుతుంది. అందుకే పురుగు చచ్చాక ఏళ్ళు గడిచినా రంగు వెలిసిపోదు. అంటే ఆ పెంకు ఒక రంగు అద్దం లాంటిది. అద్దం ముందు ఏది పెడితే అదే కనిపిస్తుంది. మీరు చిన్న ఫ్లాష్ పెట్టారు, అద్దంలో చిన్న తెల్ల మచ్చ కనిపిస్తోంది, చుట్టూ ఉన్న గది చీకటి కూడా కనిపిస్తోంది. పురుగు చుట్టూ తెల్లటి ఆకాశం పెడితే ఆ పచ్చదనం దానంతటదే పైకి వస్తుంది.

నేను ఐస్‌క్రీం డబ్బా వాడతాను. కిలో డబ్బా, తెల్లది. అడుగు కోసేసి, పురుగు చుట్టూ గొట్టంలా నిలబెట్టి, లోపల బటర్ పేపరు ఒక పొర చుట్టండి. ఫ్లాష్‌ని డబ్బా బయటే పెట్టండి. డబ్బాకీ ఫ్లాష్‌కీ మధ్య జానెడు దూరం ఉంటే వెలుతురు డబ్బా అంతా పరుచుకుంటుంది. ఆనించి పెడితే మళ్ళీ మచ్చే. వీలైతే రెండు ఫ్లాష్‌లు, ఒకటి కొంచెం తక్కువ పవర్‌లో. అన్ని వైపులా ఒకేలా వెలిగితే గుంటలు కనిపించవు, కాస్త నీడ మిగలాలి.

ఇంకో మాట. ఫోటో తీసేముందు పురుగును కడగండి. మామూలు కంటికి శుభ్రంగా కనిపించే పురుగు మీద మూడున్నర రెట్లలో ధూళి రాళ్ళలా కనిపిస్తుంది. నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో తల మీద ఒకే దిశలో రాసి, మంచి నీళ్ళలో ముంచి ఆరబెట్టండి.

కొత్త_కన్ను తమ్ముడూ, నీ ఫ్రిజ్ ప్రశ్నని అందరూ దాటేశారు, నేను దాటను. వద్దు. చల్లబడిన పురుగు చూడ్డానికి బతికున్నట్టే ఉంటుంది కానీ కాళ్ళు ముడుచుకుని, మీసాలు వాలిపోయి ఉంటాయి. పురుగులు తెలిసినవాళ్ళు ఫోటో చూడగానే పట్టేస్తారు. అంతకన్నా ముఖ్యం, మన ఫోటో కోసం దాన్ని అలా బాధపెట్టే హక్కు మనకి లేదు. డిసెంబరు పొద్దున్న అయిదున్నరకి చెరువుగట్టుకి వెళ్ళు. తూనీగలు గడ్డిపరకల మీద మంచుబొట్లతో అలాగే ఉంటాయి. ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడేదాకా ఎగరలేవు. నీకు గంట టైముంటుంది.

రివర్స్_రింగ్
నవంబరు 16, ఉదయం 8:02

మేడమ్ చెప్పినదానికి నా ఓటు. పదేళ్ళ కిందట ఒక దూకే సాలీడుని నేను ఫ్రిజ్‌లో పెట్టాను. మర్చిపోయి అరగంట ఉంచేశాను. అది మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ పని చేయలేదు.

కొత్త_కన్ను
నవంబరు 16, ఉదయం 9:40

సరే మేడమ్, పెట్టను. దూకే సాలీళ్ళు మా హాస్టల్ కిటికీ దగ్గర చాలా ఉన్నాయి. కెమెరా వైపు తిరిగి చూస్తాయి. నిజంగానే మనల్ని చూస్తాయా?

సాలీడు_కళ్ళు
నవంబరు 16, ఉదయం 10:15

చూస్తాయి. నా పేరు చూసి అడిగినట్టున్నావు!

వాటికి ఎనిమిది కళ్ళు. ముందున్న రెండు పెద్ద కళ్ళ లెన్సులు కదలవు, కానీ వాటి వెనక రెటీనా గొట్టాలు లోపల కదులుతాయి. దగ్గర్నుంచి చూస్తే ఆ కంటి రంగు మారుతున్నట్టు ఉంటుంది. కారునలుపుగా ఉందంటే ఆ రెటీనా సరిగ్గా నీ వైపే తిరిగి ఉంది. కాస్త గోధుమరంగో, లేత రంగో వచ్చిందంటే ఇంకెటో చూస్తోంది. నేను నలుపు వచ్చినప్పుడే బటన్ నొక్కుతాను. అప్పుడు ఫోటోలో అది మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది.

మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మీ ఊళ్ళో ఉంటే, ఆ గుంపులో ఒకటి చీమ కాకపోవచ్చు. ముందు కాళ్ళు రెండు మీసాల్లా పైకెత్తి నడుస్తుంటే కాళ్ళు లెక్కపెట్టు. ఎనిమిది ఉంటే అది చీమ వేషం వేసిన దూకే సాలీడు.

టెక్సాస్_తూనీగ (డాలస్)
నవంబరు 17, తెల్లవారుజాము 3:48 (మీ టైము)

ఇక్కడ పక్క రాష్ట్రం ఒక్లహామాకి చెందిన థామస్ షాహాన్ దూకే సాలీళ్ళ ఫోటోలతోనే ప్రపంచానికి తెలిశాడు. మొదట్లో అతని సామాను పాత పెంటాక్స్ కెమెరా, తిరగేసిన లెన్సు, కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, ఫ్లాష్ వెలుతురును పరిచే, ఇంట్లో చేసుకున్న డిఫ్యూజర్. ఇంకో కొసన లెవాన్ బిస్ అనే ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రకృతి చరిత్ర మ్యూజియంలో మనిషంత పురుగుల ఫోటోలు పెట్టాడు. 10 రెట్ల మైక్రోస్కోపు లెన్సును 200 మి.మీ. లెన్సు ముందు బిగించి, ఒక్కో పురుగుకి 8 వేలకి పైగా ఫోటోలు. నాకు నచ్చింది ఆ సంఖ్య కాదు. కాలికి వేరే లైటు, మీసానికి వేరే లైటు, కంటికి వేరే లైటు పెట్టి భాగాలుగా తీశాడు. మేడమ్ చెప్పిన తెల్ల ఆకాశాన్ని ప్రతి ముక్కకీ విడిగా కట్టుకున్నాడన్నమాట.

కడగడం విషయంలో కూడా మేడమ్‌దే కరెక్ట్. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ తేనెటీగల ల్యాబులో వాటిని సబ్బు నీళ్ళలో కడిగి, గాలితో ఆరబెట్టి, వెంట్రుకలు విచ్చుకున్నాకే ఫోటో తీస్తారు. ఆ ఫోటోలు ఎవరైనా వాడుకోవచ్చు, ఒకసారి చూడండి. వెంట్రుకల మధ్య పుప్పొడి గింజలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ అన్నీ దొరుకుతాయి. కానీ ఆరుద్ర కార్తెలో తొలకరి పడ్డాక మా చేలో ఇసుక మీద పాకే ఆ ఎర్రటి మఖమల్ ఆరుద్ర పురుగు మాత్రం దొరకదు. పద్నాలుగేళ్ళయింది చూసి.

రివర్స్_రింగ్
నవంబరు 17, ఉదయం 8:30

ఆరుద్ర పురుగు మొన్న జూన్ చివర్లో శామీర్‌పేట దగ్గర తీశాను, మీకోసం పెడుతున్నా. అది అసలు పురుగు జాతి కాదు, కాళ్ళు ఎనిమిది, సాలీళ్ళ చుట్టం. తీసేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. ఆ ఎరుపు ఎంత గాఢమంటే, కెమెరా స్క్రీన్ మీద ఫోటో బాగున్నట్టే ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తే మఖమల్ అంతా ఒక ఎర్ర ముద్ద. ఎరుపు చానెల్ మిగతా రెండిటికన్నా ముందే నిండిపోతుంది. మూడు రంగులూ విడిగా చూపించే హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫు) పెట్టుకుని, ఎరుపు అంచుకి తగలకుండా ఒక స్టాప్ తక్కువలో, అంటే సగం వెలుతురుతో తీస్తేనే వెంట్రుక వెంట్రుక విడిపడుతుంది.

కొత్త_కన్ను
నవంబరు 17, రాత్రి 9:15

మా నాన్నగారి పాత ఫ్లాష్ ఒకటి ఇంట్లో ఉంది. వెలగట్లేదు. విప్పి బాగుచేసుకోవచ్చా? ఫోటోలు కలపడానికి ఉచితంగా ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉందా?

లేత్_మిషన్
నవంబరు 17, రాత్రి 9:22

తమ్ముడూ, విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేసినా చాలాసేపు అలాగే ఉంటుంది. మా షాపులో ఒక కుర్రాడు అలాగే దెబ్బతిన్నాడు. అది బాగైనా సరే, పాత ఫ్లాష్‌ని నేరుగా కొత్త కెమెరా మీద పెట్టకు. కొన్నిటికి ట్రిగ్గర్ వోల్టేజి రెండొందలకి పైన ఉంటుంది, కెమెరా బోర్డు పోతుంది. మొదట్లో రెండు ఎల్ఈడీ బల్బులు చాలు.

రివర్స్_రింగ్
నవంబరు 17, రాత్రి 9:50

ఉచితంగా కావాలంటే హ్యూగిన్‌తో పాటు వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్, ఎన్‌ఫ్యూజ్. కొంచెం కష్టపడాలి కానీ పని చేస్తాయి. డబ్బు పెట్టగలిగితే జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్. జెరీన్‌లో రెండు పద్ధతులున్నాయి. పీమ్యాక్స్ ఒకదాని మీద ఒకటి పడే వెంట్రుకలను బాగా విడదీస్తుంది కానీ నున్నటి పెంకు మీద గరుకు తెస్తుంది. డీమ్యాప్ రంగునీ నునుపునీ కాపాడుతుంది, వెంట్రుకల అంచున తడబడుతుంది. నేను రెండూ చేసి, పెంకుని డీమ్యాప్ నుంచి, మీసాలను పీమ్యాక్స్ నుంచి తీసుకుని చేత్తో కలుపుతాను.

మిర్చి_రైతు (నరసరావుపేట దగ్గర)
డిసెంబరు 6, రాత్రి 8:40

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఫోటోల సరదా లేదు. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మూడెకరాల మిర్చి వేశాను, ఇప్పుడు పూత మీద ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా ఊళ్ళో తోటలు పీకేసిన వాళ్ళున్నారు, మాదీ సగం పోయింది. ఇప్పుడు పూలలో ఏదో కదులుతోంది. మిల్లీమీటరు ఉంటుంది, కంటికి ఆనదు. దుకాణంలో అడిగితే మందు ఇస్తారు గానీ పురుగేమిటో చెప్పరు. మీరు ఇంత దగ్గరగా చూస్తున్నారు కదా, నేను నా పొలంలో నిలబడి అదేమిటో చూసుకునే మార్గం ఏదైనా ఉందా?

సాలీడు_కళ్ళు
డిసెంబరు 6, రాత్రి 9:10

మీరు రావడమే మాకు సంతోషం అన్నగారూ. ఉంది, రేపే చేయొచ్చు.

వాచీ రిపేరు చేసేవాళ్ళు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం ఒకటి కొనండి. అబ్బాయి ఫోను కెమెరా మీద సరిగ్గా మధ్యకి వచ్చేలా రబ్బరు బ్యాండుతో బిగించండి. ఫోనులో రెండు రెట్ల జూమ్ పెట్టండి. పొద్దున్న ఎండ ముదరక ముందు పది చెట్లకి ఒక్కో పువ్వు చొప్పున కోసి, తెల్ల కాగితం మీద ఒక్కోటీ దులపండి. కాగితానికి అంగుళం దూరంలో ఫోను పెట్టి, ఫోకస్ కోసం స్క్రీన్ నొక్కకుండా, చేతిని కొద్దికొద్దిగా పైకీ కిందికీ కదుపుతూ వరుసగా ఫోటోలు తీయండి. ఒకటి రెండు తప్పకుండా షార్ప్‌గా పడతాయి.

తామర పురుగైతే సన్నగా, జీలకర్ర గింజలా ఉంటుంది. రెక్కలు రేకుల్లా ఉండవు, సన్నటి కాడకి రెండువైపులా ఈకలాంటి అంచు ఉంటుంది. దాని నోట్లో ఎడమవైపు దవడ ఒక్కటే ఉంటుంది, దాంతోనే పువ్వుని గీరి రసం పీలుస్తుంది. నల్ల తామర పురుగులో ఆడది ముదురు గోధుమరంగులో, తల, రొమ్ము కాస్త లేతగా ఉంటుంది. మగది చిన్నది, పసుపు. కానీ ఫోటో చూసి జాతి ఖాయంగా చెప్పలేం, స్లైడు మీద పెట్టి చూడాలి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి పది పురుగులు వేసుకుని గుంటూరు దగ్గర లాం ఫారానికో (వ్యవసాయ పరిశోధన కేంద్రం), మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్ళండి. ఫోటోలు మాత్రం ఇక్కడ కూడా పెట్టండి.

మిర్చి_రైతు
డిసెంబరు 8, మధ్యాహ్నం 12:20

పెట్టాను అమ్మా. పది పూలకి 23 లెక్క తేలాయి. నాలుగు ఫోటోలు పర్వాలేదు. ఇన్నేళ్ళుగా దీనికి మందు కొడుతున్నా, దీని మొహం ఇప్పుడే చూశాను.

సాలీడు_కళ్ళు
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:05

మొదటి రెండు తామర పురుగులే. ఈకల అంచు స్పష్టంగా ఉంది. మూడోది పిల్ల పురుగు, రెక్కలు లేవు.

నాలుగో ఫోటో చూసి నేను కుర్చీలోంచి లేచాను. అది తామర పురుగు కాదు. చూడండి, వాటికి రెండింతలు ఉంది, కోలగా, నల్లగా ఉంది, రెక్కల మీద తెల్లటి పట్టీ ఉంది. తల కింద ముక్కులాంటి సూది మడిచి ఉంది. అది ఓరియస్ అనే మిత్ర పురుగు. ఆ సూదిని తామర పురుగుకి గుచ్చి రసం పీల్చేస్తుంది. దాని మేత మీ పూలలోనే ఉంది కాబట్టి అక్కడికి వచ్చింది.

మిర్చి_రైతు
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:30

అంటే మందు కొడితే ఇదీ పోతుందా?

సాలీడు_కళ్ళు
డిసెంబరు 8, మధ్యాహ్నం 2:41

చాలా మందులకి పోతుంది. ఏది కొట్టాలో, అసలు ఇప్పుడు కొట్టాలో లేదో నేను చెప్పకూడదు. సీసాతో పాటు ఈ ఫోటో కూడా శాస్త్రవేత్తలకి చూపించండి. వెళ్ళేముందు పొలం నాలుగు మూలలా ఇంకో ఇరవై పూలు దులిపి, పువ్వుకి ఎన్ని తామర పురుగులు, ఎన్ని ఓరియస్‌లు ఉన్నాయో రాసుకుని వెళ్ళండి. ఆ లెక్క ఉంటే వాళ్ళు సరిగ్గా చెప్పగలుగుతారు.

పెరటి_పురుగులు
డిసెంబరు 9, రాత్రి 10:50

నా బంగారు పురుగు పెడుతున్నాను. కార్డు ముక్క, పెట్రోల్ పైపు, కడప బండ, ఐస్‌క్రీం డబ్బా, అన్నీ మీవే. 54 ఫోటోలు, 40 మైక్రాన్ల చొప్పున. తల మీద గుంటలన్నీ విడివిడిగా వచ్చాయి. ఒక్కో గుంట అంచు రాగి రంగులో, లోపల పచ్చగా, మధ్యలో ఒక తెల్ల వెంట్రుక. కంటి గళ్ళు తేనెతుట్టెలా వరుసలుగా ఉన్నాయి. మీసం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా విరగలేదు. కుడి కంటి కింద చిన్న తుమ్మ పుప్పొడి ముద్ద ఉంది, కడిగినా పోలేదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో చెరపలేదు, అలాగే ఉంచాను.

రైతుగారూ, మీ నాలుగో ఫోటోని ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించాను. వాళ్ళలో సగం మంది ఇళ్ళలో వ్యవసాయమే. ఇద్దరు పిల్లలు ఆ భూతద్దం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

లేత్_మిషన్
డిసెంబరు 9, రాత్రి 11:02

ఫోనుకి భూతద్దం సరిగ్గా మధ్యలో నిలబడేలా నైలాన్ రాడ్డులో ఒక హోల్డర్ తీస్తాను. రబ్బరు బ్యాండు జారిపోతుంది. పంతులుగారూ, భూతద్దం బయటి కొలత వెర్నియర్‌తో చూసి పంపండి, పది ముక్కలు తీసి కొరియర్ చేస్తా. రైతన్నకి రెండు.

మిర్చి_రైతు
డిసెంబరు 10, ఉదయం 6:35

ఇరవై పూలు అయ్యాయి. తూర్పు మూలలో ఓరియస్‌లు ఏడు, పడమర వైపు ఒక్కటే. స్ప్రేయర్ అతన్ని ఇవాళ రావద్దని చెప్పాను. తొమ్మిదింటి బస్సుకి లాం వెళ్తున్నా, సీసా, కాగితం, ఫోను మూడూ సంచిలో పెట్టుకున్నాను.